పాత కాలిఫోర్నియా టూరిస్టు బ్రోచర్ల పెట్టె దొరికింది: ఏ కాలానివో ఎలా తెలుస్తుంది, వాటిని ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఇంటి పెద్దలు పోయాక సామానంతా అమ్మేసే చోట, మీకు ఓ అట్టపెట్టె దొరికింది. అందులో అరవై దాకా పాత టూరిస్టు బ్రోచర్లు ఉన్నాయి. కవర్ల మీద నారింజ తోటలు, పామ్ చెట్లు, నీలం సముద్రం, ఈత దుస్తుల్లో నవ్వుతున్న మనుషులు. ఎక్కడా సంవత్సరం వేసి లేదు. అవి ఏ కాలానివి, అసలువా నకళ్లా, కవర్లు కత్తిరించి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవచ్చా, విశాఖలో అమ్మావాళ్లింటికి పంపితే పాడవుతాయా, అమ్మితే ఏమైనా వస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. కవరు బొమ్మను చూసి వయసు లెక్కకట్టకండి. వెనక అట్ట మీద అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అడ్రసు, రైలు పేరు, రోడ్డు నంబరు, ప్రింటింగ్ కోడు చూస్తే చాలావాటి కాలం నాలుగైదేళ్ల తేడాలో తేలిపోతుంది. కత్తిరించొద్దు, లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. గోడకు పెట్టుకోవాలనుంటే మంచి స్కాన్ తీయించి ఆ ప్రింటుకు ఫ్రేము కట్టించండి. ఇక డబ్బంటారా, చాలావాటికి పెద్ద ధర పలకదు. కానీ మీ పెట్టెలో ఒకటో రెండో లైబ్రరీలు కూడా వెతుక్కునేవి ఉండే అవకాశం ఉంది. అవి అందంగా ఉన్నవే కావాలని లేదు.

నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు బాగుచేసే విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. సొంతంగా దక్షిణ కాలిఫోర్నియా బ్రోచర్లే ఆరువందల పైన పోగేశాను. కింద రాసేదంతా ఆ చేతి అనుభవంతోనే.

కవరు ఎందుకు మోసం చేస్తుంది

నేను కొన్న మొదటి బ్రోచర్ మీద పాత స్పానిష్ చర్చి, దాని గంటలు, గులాబీ పెట్టుకున్న అమ్మాయి. రంగులన్నీ మెత్తగా, పాత క్యాలెండర్ బొమ్మలా ఉన్నాయి. 1915 ప్రాంతానిది అని నమ్మి అందరికీ చూపించాను. ఏడాది తర్వాత మా విభాగంలో పెద్దావిడ దాన్ని తిప్పి వెనక అడ్రసు చూపించింది. "లాస్ ఏంజెలెస్ 14, కాలిఫోర్నియా" అని ఉంది. ఊరి పేరు పక్కన ఆ రెండంకెల జోన్ నంబరు అమెరికా తపాలాలో 1943లో మొదలైంది. అంటే ఆ కాగితం నేను అనుకున్నదానికంటే కనీసం ఇరవై ఎనిమిదేళ్లు చిన్నది. ఎప్పటిదో పాత పెయింటింగును మళ్లీ వాడుకున్నారు. ఈ బ్రోచర్లు వేసినవాళ్లు కావాలనే పాతకాలపు స్పానిష్ వాతావరణాన్ని అమ్మారు కాబట్టి బొమ్మ ఎప్పుడూ అసలు వయసు కంటే పెద్దదిగానే కనిపిస్తుంది.

అందుకే ముందు అడ్రసు చూడండి. రెండంకెల నంబరుంటే 1943కూ 1963కూ మధ్యది. ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జూలై తర్వాతది. ఏ నంబరూ లేకపోతే 1943 కంటే ముందుది కావచ్చు, కానీ అదొక్కటే చూసి తేల్చకండి. చిన్న హోటళ్లవాళ్లు నంబరు వేయకుండా చాలాకాలం నెట్టుకొచ్చారు. ఫోను నంబరు ముందు అంకెలకు బదులు ఒక పేరు, దాని వెనక అంకెలు ఉంటే అది పాత ఎక్స్చేంజి పద్ధతి. 1960ల్లో అది మెల్లగా పోయింది.

తర్వాత రైళ్లు. ఈ బ్రోచర్లలో సగం రైలు కంపెనీలు వేసినవే, కాబట్టి ఇక్కడ మంచి ఆధారాలు దొరుకుతాయి. శాంటా ఫే కంపెనీ 'చీఫ్' రైలు 1926లో మొదలైంది, 'సూపర్ చీఫ్' 1936లో. సదరన్ పసిఫిక్ వాళ్ల 'డేలైట్', శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సముద్రం పక్కగా వచ్చే రైలు, ఆ పేరుతో 1922 నుంచే ఉంది, ఎరుపు, నారింజ రంగుల్లోకి మారింది 1937లో. లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్ తెరిచింది 1939లో. 1971 మే 1 నుంచి ప్రయాణికుల రైళ్లు చాలావరకు ఆమ్‌ట్రాక్ అనే ప్రభుత్వ రైలు సంస్థ కిందికి వెళ్లాయి. మీ దాంట్లో చీఫ్ ఉండి సూపర్ చీఫ్ లేకపోతే 1926-36 మధ్యదని ముందు పెన్సిలుతో వేరే చీటీ మీద రాసుకోండి. (బ్రోచర్ మీద రాయకండి. పెన్సిలే కదా అని రాసినవాళ్లను చాలామందిని చూశాను.)

రోడ్డు మ్యాపు ఉంటే ఇంకా తేలిక. రూట్ 66 లాంటి నంబర్లు వచ్చింది 1926 చివర్లో. మాలిబూ దగ్గర తీరం వెంబడి రోడ్డు 1929లో తెరిచారు, పాత మ్యాపుల్లో అది రూజ్‌వెల్ట్ హైవే అన్న పేరుతో కనిపిస్తుంది. పసడెనా నుంచి ఊళ్లోకి వచ్చే ఆరోయో సెకో పార్క్‌వే 1940 చివర్లోది. ఇంటర్‌స్టేట్ హైవే గుర్తులు కనబడితే 1950ల చివరికి వచ్చేసినట్టే, ఎందుకంటే ఆ చట్టమే 1956లో వచ్చింది.

ఫొటోల్లో కట్టడాలూ సాక్ష్యం చెప్తాయి. తెల్లటి సిటీ హాలు బురుజు ఉంటే 1928 లేదా తర్వాత. కాటలీనా దీవిలో సముద్రం ఒడ్డున గుండ్రటి పెద్ద కట్టడం ఉంటే 1929 లేదా తర్వాత. దాని పేరు కాసినో అయినా అక్కడ జూదం లేదు, కింద సినిమా హాలు, పైన డాన్సు హాలు. కొండ మీద పెద్ద అక్షరాలు మీకు తెలుసు కదా, అవి 1923లో పెట్టినప్పుడు 'హాలీవుడ్‌ల్యాండ్' అని ఉండేది, ఇళ్ల స్థలాలు అమ్మడానికి పెట్టిన బోర్డు అది. చివరి 'ల్యాండ్' తీసేసింది 1949లో. డిస్నీల్యాండ్ 1955.

అన్నిటికంటే నమ్మకమైనది ప్రింటింగ్ కోడు. రైలు కంపెనీల బ్రోచర్లలో చివరి పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో "5-28-50ఎం" లాంటిది ఉంటుంది. 1928 మే నెలలో 50 వేల కాపీలు వేశారని అర్థం. చివరి 'ఎం' రోమన్ లెక్కలో వెయ్యి. కొన్నిటిలో తేదీ కూడా కలిపి మూడు అంకెలు ఉంటాయి. మడత లోపల, బొమ్మ అంచు కింద కూడా వెతకండి. మీ పెట్టెలో బట్ట నేతలా గరుకుగా ఉన్న రంగుల పోస్టుకార్డులు కూడా ఉంటే, షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ వాటి మీద నంబరు చూడండి. 5ఏ-హెచ్ అని మొదలైతే 1935. ఏ అంటే 1930లు, బి అంటే 1940లు, సి అంటే 1950లు, దాని ముందున్న అంకె ఆ దశాబ్దంలో సంవత్సరం.

ఇక లోపలి మాటలు చదవండి

ఇది మీరు అడగలేదు. కానీ ఈ కాగితాల అసలు విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం, వయసు కట్టడానికి కూడా ఇదే రెండో ఆధారం. ఎండను ఎవరికి, ఏ పేరుతో అమ్ముతున్నారన్నది దశాబ్దానికోసారి మారింది.

1870లు, 80ల కాగితాల్లో ఎండ మందు. క్షయ రోగులకు, ఆయాసం ఉన్నవాళ్లకు పొడి గాలి, వెచ్చటి చలికాలం అని రాసేవారు. పసడెనా చుట్టుపక్కల హోటళ్లు సగం ఆస్పత్రుల్లా నడిచాయి. 1882లో కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టాక అది అంటురోగమని జనానికి అర్థమవుతూ వచ్చింది, దాంతో రోగులను పిలిచే మాటలు మెల్లగా తగ్గాయి. కాబట్టి ఊపిరితిత్తుల గురించి పేజీలకు పేజీలు ఉంటే అది పాతదే. అలాంటిది మీ పెట్టెలో ఉంటే జాగ్రత్తగా పక్కన పెట్టండి.

1880ల మధ్యలో శాంటా ఫే కూడా లాస్ ఏంజెలెస్ చేరడంతో సదరన్ పసిఫిక్‌తో పోటీ మొదలైంది. 1887 మార్చిలో ఒకరోజు కాన్సస్ సిటీ నుంచి లాస్ ఏంజెలెస్ టికెట్టు ఒక్క డాలరుకు దిగింది. ఆ రైళ్లలో వచ్చినవాళ్ల కోసం స్థలాల అమ్మకం ఎంత జోరుగా సాగిందో, మరుసటి ఏడాది అంత త్వరగా కూలిపోయింది. ఊరి వ్యాపారులు 1888లో చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా పంటలను రైలు పెట్టెలో పెట్టి తూర్పు ఊళ్లన్నీ తిప్పారు. 1898లో సదరన్ పసిఫిక్ ఏకంగా ఒక పత్రికే పెట్టింది, తన రైలు పేరు మీద 'సన్‌సెట్' అని. 1907లో అదే కంపెనీ, నారింజ రైతుల సంఘంతో కలిసి అయోవా రాష్ట్రంలో ప్రచారం చేసింది. ఆరోగ్యానికి నారింజలు, సంపదకు కాలిఫోర్నియా అన్నది దాని నినాదం. ఆ సంఘం పండ్లకు సన్‌కిస్ట్ అన్న పేరు ఆ మరుసటి ఏడాది వచ్చింది. మీ కవర్ల మీద నారింజలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా. మంచు కురిసే ఊళ్లో పండు తిన్న మనిషి, ఆ చెట్టు ఉన్న చోటికి రైలెక్కాలి. అదీ వాళ్ల లెక్క.

అప్పటిదాకా వచ్చేవాళ్లంతా చలికాలంలోనే వచ్చేవారు. వేసవిలో హోటళ్లు ఖాళీ. 1921లో 'ఆల్ ఇయర్ క్లబ్ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా' పుట్టింది ఆ ఖాళీ నింపడానికే. ఎండాకాలంలో కూడా ఇక్కడ రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని పడుకోవచ్చని వాళ్లు ప్రచారం చేశారు. విజయవాడలో మే నెల రాత్రి డాబా మీద పడుకున్నవాళ్లకు ఆ మాట బలం చెప్పక్కర్లేదు. షికాగో, సెయింట్ లూయిస్ వాళ్లకూ అంతే తగిలింది. మీ బ్రోచర్ వేసవిలో రమ్మంటుంటే అది 1921 తర్వాతదయ్యే అవకాశమే చాలా ఎక్కువ. ఒళ్లు కమిలేలా ఎండలో పడుకున్న మనుషుల ఫొటోలు కూడా ఇరవైల నుంచే. అంతకు ముందు బొమ్మల్లో ఆడవాళ్ల చేతుల్లో గొడుగులుంటాయి.

1930ల ప్రకటనలు వస్తే చివరి పేరా తప్పకుండా చదవండి. హాయిగా సెలవులు గడపడానికి రండి, పని వెతుక్కుంటూ మాత్రం ఎవరినీ రానివ్వకండి, నిరాశపడతారు అని ఆల్ ఇయర్ క్లబ్ హెచ్చరిక వేసేది. ఒక పక్క దేశమంతా పనుల్లేవు, ఓక్లహామా నుంచి ఎండిపోయిన పొలాలు వదిలి కుటుంబాలు పడమరకు వస్తున్నాయి. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ తన పోలీసులను 136 మందిని రాష్ట్ర సరిహద్దుకు పంపి, చేతిలో డబ్బు లేకుండా వస్తున్నవాళ్లను వెనక్కి తిప్పింది. అదే ఏడాది ప్రకటన ఒకటి నా దగ్గరుంది, అందులో సముద్రం ఎంత నీలంగా ఉందో. ఆ రెండు సంగతులూ ఒకే ఏటివని తెలిశాక ఆ కాగితాన్ని మళ్లీ మామూలుగా చూడలేకపోయాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ బ్రోచర్లు అందరినీ రమ్మన్నట్టు ఉంటాయి, కానీ అందరినీ కాదు. మాన్‌హట్టన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ 1912లో సముద్రం ఒడ్డున స్థలం కొని, భర్త చార్లెస్‌తో కలిసి, తమవాళ్లకు మరెక్కడా చోటులేని రోజుల్లో విడిది నడిపింది. 1924లో పార్కు కోసమని ఊరి పాలకులు ఆ స్థలం లాగేసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లు అది ఖాళీగానే ఉంది. 2022లో గాని వారసుల చేతికి తిరిగి రాలేదు. మన సంగతీ ఉంది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు ఆ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అంటే వచ్చి ఒక నారింజ తోట కొనుక్కోండి అని మీ పెట్టెలో ఏ 1920ల బ్రోచర్ పిలుస్తున్నా, ఆ పిలుపు మీ కోసమూ కాదు, నా కోసమూ కాదు. 1946లో చట్టం మారాకే మనవాళ్లకు పౌరసత్వం దారి తెరుచుకుంది. ఇవాళ మీరు అదే ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఆ కాగితాన్ని చేతిలో పట్టుకున్నారు. పిల్లలకు చూపించేటప్పుడు ఇది కూడా చెప్పండి, నేను మా పిల్లలకు చెప్పాను.

అందుకే కవరు కత్తిరించొద్దని అంత గట్టిగా చెప్పేది. కవరు మీద సముద్రమే ఉంటుంది. ఎవరిని రమ్మన్నారు, ఎవరిని వద్దన్నారు, ఎంతకు అమ్మారు, ఏ నెలలో రమ్మన్నారు, అంతా లోపలి పేజీల్లో ఉంటుంది. కవరు ఊడదీస్తే కాలం కట్టే ఆధారమూ పోతుంది.

అసలా, నకలా

వంద ఏళ్ల నాటి బ్రోచర్లను ఇప్పుడు చక్కగా స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తున్నారు. అలంకారానికి అయితే తప్పు లేదు, అసలని చెప్పి అమ్మితేనే చిక్కు. నాకూ ఒకసారి ఓ అమ్మకందారు అలా అంటగట్టాడు. కాగితాన్ని టీ డికాషన్లో ముంచినట్టు గోధుమ రంగు చేశాడు. ఆ రంగు అంచు నుంచి మధ్యదాకా ఒకేలా ఉంది, అక్కడే అనుమానం వచ్చింది. నిజంగా పాతబడిన కాగితం అంచుల దగ్గర, మడతల దగ్గర ముదురుగా, లోపల లేతగా ఉంటుంది.

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనండి, చాలు. బొమ్మను కాదు, అక్షరాన్ని చూడండి. అసలు దాంట్లో నల్ల అక్షరం నిండుగా, అంచు తెగినట్టు ఉంటుంది. స్కాన్ చేసి వేసిన దాంట్లో అక్షరం కూడా రంగు చుక్కలతో తయారై ఉంటుంది, లేదా అంచు బూజు పట్టినట్టు చెదిరి ఉంటుంది. పాత అచ్చులో అక్షరాలు కాగితంలోకి కొంచెం దిగుతాయి. వెనకవైపు వేలితో తడిమితే తెలుస్తుంది. బొమ్మల్లో చుక్కలు వరస తప్పకుండా, గుండ్రటి పువ్వుల్లా అమరి ఉంటే అది నాలుగు రంగుల మామూలు అచ్చు, ఆ కాలానిది కావచ్చు. వరసే లేకుండా ఇసుక చల్లినట్టుంటే రెండు అవకాశాలు. 1900 ప్రాంతపు రాతి అచ్చు (రాతి పలక మీద బొమ్మ గీసి తీసే అచ్చు, లిథోగ్రఫీ) అయినా కావాలి, ఇప్పటి ఇంక్‌జెట్ అయినా కావాలి. రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినట్టు పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటాయి, రంగులు ఆరేడు విడివిడిగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ చుక్కలు అన్నీ దాదాపు ఒకే సైజు.

ఇంకో తేలిక పరీక్ష. దొంగనోట్లు పట్టడానికి వాడే ఊదారంగు టార్చి ఉంటుంది కదా, చీకటి గదిలో దాంతో చూడండి. కాగితం నీలంగా, తెల్లగా మెరిస్తే అందులో తెలుపు పెంచే రసాయనం ఉన్నట్టు. కాగితంలో అది కలపడం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే మొదలైంది. 1925 నాటిదని చెప్పిన కాగితం అలా వెలిగితే నమ్మకండి. వెలగకపోతే మాత్రం పాతదే అని తేల్చలేం, ఇప్పటికీ ఆ రసాయనం కలపని కాగితం దొరుకుతుంది.

దాచే పద్ధతి

మీరు పెట్టెను గరాజ్‌లో ఉంచానని రాశారు. ఇవాళే లోపలికి తెచ్చేయండి. ఇక్కడి గరాజ్ వేసవిలో పొయ్యిలా వేడెక్కుతుంది, అక్కడ పదేళ్లలో పాడయ్యేది లోపల యాభై ఏళ్లు నిలుస్తుంది. పడకగది అల్మారాలో, నేలకు ఆనకుండా, బయటి గోడకు తగలకుండా పెట్టండి.

కాగితాన్ని తినేది మూడు: వెలుతురు, తేమ, దానిలోనే ఉన్న పులుపు. చౌక బ్రోచర్లు కలప గుజ్జుతో చేసిన కాగితం మీద వేశారు, అది తనంతట తనే పసుపెక్కి పెళుసవుతుంది. ఆపలేం గానీ నెమ్మదించేలా చేయొచ్చు. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లు, లేదా పాలిస్టర్ కవర్లు కొనండి. మామూలు ఆఫీసు ప్లాస్టిక్ కవర్లు వద్దు. తెరిస్తే కొత్త బొమ్మ వాసన వచ్చే ప్లాస్టిక్ అయితే అది పీవీసీ, కాలం గడిచేకొద్దీ జిగురెక్కి అచ్చును తనకు అంటించుకుంటుంది. మడత బ్రోచర్లను మాటిమాటికీ విప్పకండి, మడత దగ్గరే తెగుతాయి. ఒక్కసారి విప్పి ఫొటోలు తీసుకుని ఇక ఫొటోలే చూసుకోండి.

తుప్పు పట్టిన పిన్నులు మీరే లాగకండి. లాగితే కాగితం పిన్నుతోపాటు వస్తుంది. పిన్ను కాళ్లను వెనకనుంచి సన్నటి రేకుతో మెల్లగా లేపి నిటారుగా చేసి తీయాలి, అది కూడా తుప్పు ఎక్కువై కాగితాన్ని తింటుంటేనే.

తడిసిన మెరుపు కాగితం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక స్నేహితుడి ఇంట్లో పైపు పగిలి నలభై బ్రోచర్లు తడిశాయి. పాపం ఆయన వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి బరువు పెట్టి ఆరబెట్టాడు. ఆరాక అదంతా ఒకే ఇటుక, ఒక్క పేజీ కూడా విడదీయలేకపోయాను. మీకు అలాంటిది జరిగితే వెంటనే పేజీల మధ్య కాగితం పెట్టి ఆరబెట్టండి. టైము లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. గడ్డకట్టినంతకాలం అంటుకోవు, బూజు పట్టదు, నిదానంగా మనిషిని వెతుక్కోవచ్చు.

లామినేషన్ గురించి ఒక్క మాట. నా దగ్గరికి తెచ్చినవాటిలో చిరిగినవి, చెదలు తిన్నవి, తడిసినవి బాగుచేశాను. వేడి లామినేషన్ చేసినదాన్ని ఒక్కదాన్ని కూడా తిరిగి వెనక్కి తేలేకపోయాను.

విశాఖకు పంపొచ్చా? పంపొద్దనే చెప్తాను. సముద్రపు తేమ, వానాకాలం, ఫ్యాను గాలి, వీటికి వందేళ్ల కలప కాగితం తట్టుకోవడం కష్టం. పంపాల్సే వస్తే గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, ఏడాదికి రెండుసార్లు పొట్లాలు మార్చమనండి. మనవాళ్లు ప్రేమతో కలరా ఉండలు వేస్తారు, అవి వద్దు. ఆ మందు ఆవిరై కాగితానికీ ప్లాస్టిక్‌కీ పడుతుంది, పీల్చినవాళ్లకూ మంచిది కాదు. సరస్వతీ పూజలో పెట్టుకోవాలని అమ్మగారికి ఉంటే పసుపు కుంకుమ డబ్బా మూత మీద పెట్టమనండి. పసుపు మరక కాగితం మీద నుంచి పోదు.

అమ్మాలంటే

రైలు కంపెనీలు, ఆల్ ఇయర్ క్లబ్ వేలూ లక్షలుగా అచ్చేసినవి ఎంత అందంగా ఉన్నా సులువుగా దొరుకుతాయి, కాబట్టి ధర తక్కువ. అరుదైనవి వేరే ఉంటాయి. ఎక్కువకాలం నడవని చిన్న హోటలు, అమ్ముడుపోని ఇళ్ల వెంచరు, ఒకే ఒక్క ఏడాది నడిచిన స్టీమరు, నల్లజాతివాళ్ల కోసం, జపనీయుల కోసం, మెక్సికన్ల కోసం వాళ్లే నడుపుకున్న విడిదుల కాగితాలు. ఇవి ఒకే రంగులో, చౌక కాగితం మీద ఉంటాయి, అందుకే అప్పట్లోనే పారేశారు. మీ అరవైలో ముందు వాటిని వెతకండి. అలాంటిది కనబడితే అమ్మే ముందు శాన్ మరీనోలోని హంటింగ్టన్ లైబ్రరీకో, లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీకో, రైలుకు సంబంధించినదైతే శాక్రమెంటోలోని రాష్ట్ర రైల్వే మ్యూజియానికో ఫొటో పంపి అడగండి. వాళ్ల దగ్గర లేనిదైతే అక్కడికి చేరడమే మంచిదని నా అభిప్రాయం. కొనకపోయినా దానంగా తీసుకుంటే పదిమంది చదువుతారు.

పెట్టెను విడగొట్టే ముందు ఒక పని చేయండి. అన్నీ ఏ వరుసలో ఉన్నాయో ఫొటో తీయండి. అరవై బ్రోచర్లు ఒక ఇంట్లో పోగయ్యాయంటే ఎవరో ఒక కుటుంబం ఒక ప్రయాణం చేసి ఉండొచ్చు, రైలు టైమ్ టేబులు, హోటలు కాగితం, దీవికి స్టీమరు కాగితం ఒకదాని పక్కన ఒకటి. మధ్యలో టికెట్టు ముక్కలు, రాసుకున్న ఖర్చుల చీటీలు ఉంటే పారేయకండి, ఏ బ్రోచర్లో ఉన్నాయో అందులోనే, మధ్య ఒక తెల్ల కాగితం పెట్టి ఉంచండి. నా దగ్గరున్నవాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక కాటలీనా బ్రోచర్. మధ్యలో ఎవరో పెన్సిలుతో నలుగురికి అయిన ఖర్చు లెక్క వేసుకున్నారు, ఆఖర్న ఐస్‌క్రీమ్ అని రాసి రెండుసార్లు గీత గీశారు.

స్కాన్ చేసి నెట్లో పెట్టే విషయంలో, అచ్చయి 95 ఏళ్లు దాటిన అమెరికా కాగితాలకు కాపీరైటు ఉండదు, ధైర్యంగా పెట్టుకోవచ్చు. తర్వాతివాటికి ఒక్కోటి విడిగా చూసుకోవాలి.

మీరు పెట్టిన ఫొటోల్లో మూడోది, పామ్ చెట్టు కింద పసుపు గొడుగు ఉన్నది, 1930ల మొదటిదని నా అంచనా, కానీ కవరు చూసే చెప్తున్నాను, పైన మిమ్మల్ని వద్దన్న పనే. దాని వెనక అట్ట అడుగు భాగం దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, ఎడమ మూల మడత కింద కూడా. కోడు కనిపిస్తే నెలతో సహా చెప్తాను.